గుస్తావ్ హోల్స్ట్: ప్రపంచమంతా వినే 'ది ప్లానెట్స్' రాసిన స్కూల్ మాస్టారు.. సీత, సావిత్రి కథల కోసం సంస్కృతం నేర్చుకున్న ఇంగ్లిష్ సంగీతకర్త

అది 1918 సెప్టెంబర్ 29, ఆదివారం. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. లండన్‌లోని క్వీన్స్ హాల్‌లో ఓ భారీ ఆర్కెస్ట్రా వాయించడానికి సిద్ధంగా ఉంది. టికెట్లు అమ్మలేదు. హాల్లో ఉన్నది పిలిస్తే వచ్చిన సుమారు 250 మందే. వాద్యకారులకు ఆ సంగీతం పూర్తిగా కొత్త. రిహార్సల్‌కు దొరికిన టైమ్ రెండు గంటల లోపే. అయినా మొదలుపెట్టారు. డ్రమ్స్ మీద ఒక దెబ్బ.. మళ్లీ అదే దెబ్బ.. ఆగకుండా అదే లయ. హాల్లో ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

ఆ రోజు వాయించింది 'ది ప్లానెట్స్'. గ్రహాల పేర్లతో ఏడు భాగాలున్న ఆర్కెస్ట్రా సంగీతం. వందేళ్లు దాటినా దాని క్రేజ్ తగ్గలేదు. అంతరిక్షం మీద వీడియోల్లో, డాక్యుమెంటరీల్లో, ప్రకటనల్లో ఎక్కడో ఒకచోట ఆ సంగీతం విననివాళ్లు తక్కువ. హాలీవుడ్‌లో అంతరిక్ష యుద్ధాల సినిమాలకు వచ్చిన నేపథ్య సంగీతంలోనూ దాని ప్రభావం స్పష్టంగా వినిపిస్తుంది. కానీ దాన్ని రాసిన మనిషి పేరు చెప్పమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు.

ఆయనే గుస్తావ్ హోల్స్ట్. అప్పటికి ఆయన వయసు 44. వృత్తి.. ఆడపిల్లల స్కూల్లో సంగీతం టీచర్. కళ్లు సరిగా కనపడవు. ఉబ్బసం ఉంది. కుడి చేతికి నరాల జబ్బు. పెన్ను పట్టుకుని ఎక్కువసేపు రాయలేని మనిషి అంత పెద్ద సంగీతం ఎలా రాశారు? అంతకంటే ఆశ్చర్యం ఇంకొకటి ఉంది. గ్రహాల జోలికి వెళ్లకముందు ఆయన పదేళ్లకు పైగా కుస్తీ పట్టింది రామాయణంతో, రుగ్వేదంతో, కాళిదాసు మేఘదూతంతో.

తల్లి లేని బాల్యం.. ఉబ్బసానికి మందుగా ట్రాంబోన్

హోల్స్ట్ 1874 సెప్టెంబర్ 21న ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. ఇంటిపేరు అప్పట్లో 'వాన్ హోల్స్ట్'. పూర్వీకులు ఉత్తర యూరప్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో స్థిరపడినవాళ్లు. ఆ 'వాన్' అనే రెండక్షరాలు తర్వాత ఆయనకు పెద్ద తలనొప్పే తెచ్చిపెట్టాయి.

ఇంట్లో అంతా సంగీతమే. తండ్రి అడాల్ఫ్ చర్చిలో ఆర్గాన్ వాయించేవారు, పియానో పాఠాలు చెప్పేవారు. తల్లి క్లారా కూడా ఆయన దగ్గర పియానో నేర్చుకున్నవారే. హోల్స్ట్‌కు ఏడేళ్లున్నప్పుడు, 1882లో తల్లి చనిపోయారు. మూడేళ్లకు తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నారు. సవతి తల్లికి థియోసఫీ అంటే పిచ్చి. దివ్యజ్ఞానం, తత్వచర్చల్లో ఆమె మునిగిపోతే పిల్లల బాగోగులు వెనక్కి వెళ్లాయి.

పిల్లాడు బలహీనంగా ఉండేవాడు. చూపు మందగించినా, ఆయాసం వచ్చినా పట్టించుకున్నవాళ్లు లేరు. కొడుకును పియానో విద్వాంసుణ్ని చేయాలని తండ్రి ఆశ. అందుకే పియానో, వయొలిన్ రెండూ నేర్పించారు. వయొలిన్ అంటే పిల్లాడికి అస్సలు పడేది కాదు. పన్నెండేళ్ల వయసులో తండ్రి ఓ ట్రాంబోన్ చేతికిచ్చారు. గట్టిగా ఊపిరి ఊదే వాద్యం కాబట్టి ఊపిరితిత్తులకు బలం వస్తుందని, ఉబ్బసం తగ్గుతుందని ఆయన లెక్క. మందుగా వచ్చిన ఆ ట్రాంబోనే తర్వాత హోల్స్ట్‌కు అన్నం పెట్టింది.

పియానో ఆశ మాత్రం నెరవేరలేదు. టీనేజ్‌లోనే కుడి చేతికి న్యూరైటిస్ సోకింది. వేళ్లు మొద్దుబారడం, వణకడం, నొప్పి. కచేరీ పియానిస్ట్ కావాలన్న దారి అక్కడితో మూసుకుపోయింది. మిగిలింది ఒకటే దారి. వాయించలేకపోతే రాయాలి. కానీ రాయడానికి కావాల్సిందీ ఆ చేయే.

అప్పు చేసి కాలేజీకి పంపిన తండ్రి

17 ఏళ్లకే విక్ రిసింగ్టన్ అనే చిన్న పల్లెటూరి చర్చిలో ఆర్గానిస్ట్‌గా ఉద్యోగం దొరికింది. అక్కడి గాయక బృందాన్ని నడపడం కూడా ఆయన పనే. పెద్ద చదువులు లేని మామూలు మనుషులతో పాడించడం ఎలాగో ఆ పల్లెలోనే తెలిసొచ్చింది. జీవితాంతం ఆయన చేసిన పని అదే.

1893లో తండ్రి 100 పౌండ్లు అప్పు చేసి కొడుకును లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌కు పంపారు. కంపోజిషన్ నేర్పిన గురువు చార్లెస్ స్టాన్‌ఫర్డ్. కఠినమైన మనిషి. రెండేళ్లకు, 1895లో స్కాలర్‌షిప్ వచ్చింది. ఊపిరి పీల్చుకునే వీలు దొరికింది. జర్మన్ సంగీతకర్త వాగ్నర్ అంటే ఆ రోజుల్లో హోల్స్ట్‌కు వల్లమాలిన అభిమానం. రాసిన ప్రతి దాంట్లో వాగ్నర్ నీడే కనిపించేది.

అదే ఏడాది ఇంకో మంచి జరిగింది. రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే తోటి విద్యార్థి పరిచయమయ్యారు. ఆయన కూడా తర్వాత ఇంగ్లండ్ గర్వించే సంగీతకర్త అయ్యారు. ఈ ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరు ఏం రాసినా ముందు రెండోవాళ్లకు చూపించాలి. మొహమాటం లేకుండా తప్పులు చెప్పాలి. రోజంతా కూర్చుని ఒకరి రాతల్ని ఒకరు చీల్చి చెండాడేవారు. ఈ అలవాటు హోల్స్ట్ చనిపోయేవరకూ, దాదాపు 40 ఏళ్లు సాగింది.

లండన్‌లోనే విలియమ్ మోరిస్ ఇంట్లో జరిగే సోషలిస్టు సభలకు హోల్స్ట్ వెళ్లేవారు. హామర్‌స్మిత్ సోషలిస్టు గాయక బృందానికి కండక్టర్ అయ్యారు. ఆ బృందంలో పాడే ఇసోబెల్ హారిసన్‌ను ప్రేమించారు. 1901లో పెళ్లి చేసుకున్నారు. చదువయ్యాక కొన్నేళ్లు ట్రాంబోనే బతుకుతెరువు. కార్ల్ రోసా ఒపెరా కంపెనీలో వాయించారు. స్కాటిష్ ఆర్కెస్ట్రాలో వాయించారు. టూర్ల మీద టూర్లు. రాయడానికి తీరిక ఉండేది కాదు.

తండ్రి చనిపోయాక కొద్దిపాటి ఆస్తి చేతికొచ్చింది. ఆ డబ్బుతో 1903లో భార్యతో కలిసి జర్మనీ వెళ్లారు. తిరిగొచ్చేటప్పటికి ఓ నిర్ణయం తీసుకున్నారు. ఇక ట్రాంబోన్ బంద్. సంగీతం రాయడమే పని. అయితే రాసినవి కొనేవాళ్లు లేరు. పబ్లిషర్లు తిప్పి పంపారు. ఇల్లు గడవాలంటే ఉద్యోగం తప్పలేదు. అలా టీచర్ అయ్యారు.

డిక్షనరీ ముందేసుకుని సంస్కృతం

హోల్స్ట్‌కు భారతదేశం మీద ఆసక్తి ఎలా మొదలైందో చూస్తే సింపుల్‌గా ఒక పుస్తకం. 1890ల చివర్లో భారతీయ గ్రంథాల మీద ఇంగ్లిష్‌లో వచ్చిన ఓ పుస్తకం ఆయన కంటపడింది. రుగ్వేదం, రామాయణం గురించి చదివి కదిలిపోయారు. వేద సూక్తాలను పాటలుగా కట్టాలనుకున్నారు. అనువాదాల కోసం వెతికారు. దొరికినవి ఒకటీ నచ్చలేదు. కొన్ని మరీ పాండిత్యంతో పొడిగా ఉన్నాయి. కొన్ని పాడటానికి పనికిరావు.

మామూలుగా అయితే ఎవరైనా అక్కడితో వదిలేస్తారు. హోల్స్ట్ వదల్లేదు. స్వయంగా సంస్కృతం క్లాసులకు చేరారు. మేబుల్ బోడ్ అనే విదుషి దగ్గర పాఠాలు నేర్చుకున్నారు. పండితుడేమీ కాలేదు. అక్షరాలు, వ్యాకరణం కొంత పట్టుబడింది. మూలాన్ని ముందు పెట్టుకుని, పక్కన డిక్షనరీ తెరుచుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ తన పాటలకు తానే ఇంగ్లిష్ మాటలు రాసుకున్నారు.

ఆయన ఇండియాకు ఒక్కసారి కూడా రాలేదు. మన రాగాలను అనుకరించే ప్రయత్నం కూడా చేయలేదు. ఆయన్ను పట్టుకున్నది రాగం కాదు, భావం. ఉషస్సు, వరుణుడు, అగ్ని, ఇంద్రుడు, ప్రయాణికుల ప్రార్థన, మరణించినవారి కోసం పాడే మంత్రం. 1907, 1912 మధ్య రుగ్వేదం ఆధారంగా ఒంటరి గొంతు కోసం తొమ్మిది పాటలు, బృందగానం కోసం నాలుగు గుచ్ఛాలు రాశారు. వాటిలో మూడో గుచ్ఛం ఆడవాళ్ల గొంతులకు, హార్ప్ వాద్యానికి రాసింది. సన్నగా, నెమ్మదిగా, నీళ్ల మీద వెలుగు పరుచుకున్నట్టు ఉంటుంది.

సీత ఓడింది.. సావిత్రి గెలిచింది

అంతకుముందే రామాయణం మీద 'సీత' అనే ఒపెరా మొదలుపెట్టారు. మూడు అంకాలు. మాటలు, సంగీతం అన్నీ తనవే. 1899లో మొదలైన పని 1906 వరకు సాగింది. ఏడేళ్ల కష్టం. ఇటలీ పబ్లిషర్ రికోర్డి పెట్టిన ఒపెరా పోటీకి పంపారు. 1908లో ఫలితం వచ్చింది. ప్రైజ్ రాలేదు.

ఆ దెబ్బకు మనిషి కుంగిపోయారు. ఉబ్బసం కూడా తిరగబెట్టింది. వేడి ప్రదేశానికి వెళ్లి విశ్రాంతి తీసుకోమని సలహా ఇస్తే అల్జీరియా వెళ్లారు. అక్కడ ఎడారిలో సైకిలేసుకుని తిరిగారు. ఓ వీధిలో ఓ మనిషి వేణువు మీద అదే చిన్న ముక్కను గంటల తరబడి వాయించడం విన్నారు. తిరిగొచ్చి రాసిన 'బెని మోరా' చివరి భాగంలో ఆ ముక్కను ఆగకుండా వందకు పైగా సార్లు వినిపించారు. లండన్ శ్రోతల్లో కొందరికి అది నచ్చలేదు. కానీ ఒకే చిన్న ముక్క మళ్లీ మళ్లీ మోగితే మనసు మీద ఎంత పట్టు వస్తుందో హోల్స్ట్‌కు అర్థమైంది. 'ప్లానెట్స్' విన్నవాళ్లకు ఆ పాఠం ఎక్కడ పనికొచ్చిందో వెంటనే తెలిసిపోతుంది.

'సీత' ఎందుకు ఓడిందో కూడా ఆయనకు తెలుసు. పేరుకు రామాయణమే అయినా సంగీతమంతా వాగ్నర్ అరువు. అందుకే ఈసారి పూర్తిగా ఎదురుదారి పట్టారు. మహాభారతంలోని సావిత్రి కథ తీసుకున్నారు. పెద్ద స్టేజీ లేదు. భారీ సెట్టింగులు లేవు. తెర కూడా అక్కర్లేదు. పాడేవాళ్లు ముగ్గురు.. సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాయించేవాళ్లు పన్నెండు మంది. కనిపించకుండా మాటల్లేని రాగం తీసే ఓ చిన్న గాయక బృందం. మొత్తం అరగంట. ఆరుబయట చెట్ల కింద కూడా ఆడుకోవచ్చు.

మొదలే ఒళ్లు జలదరించేలా ఉంటుంది. వాద్యాలేవీ మోగవు. అడవి చీకట్లోంచి మృత్యువు గొంతు ఒక్కటే వినిపిస్తుంది, సత్యవంతుడి కోసం వస్తున్నానని. ఆ గొంతు సావిత్రికి మాత్రమే వినపడుతుంది. ఆమె గొంతు కలిసినప్పుడు ఇద్దరిదీ ఒకే శ్రుతి కాదు. రెండు వేర్వేరు శ్రుతులు పక్కపక్కనే నడుస్తాయి. 1908, 1909ల్లో ఇంగ్లండ్‌లో అలా రాసినవాళ్లు అరుదు.

మన ఇళ్లలో చెప్పుకునే కథలో సావిత్రి యముడి వెంట నడిచి, వరాల మీద వరాలు అడుగుతుంది. హోల్స్ట్ దాన్ని ఒక్క వరానికి కుదించారు. సావిత్రి మృత్యువును చూసి పారిపోదు, ఏడవదు. అతిథిని పిలిచినట్టు గౌరవంగా లోపలికి పిలుస్తుంది. ఆ మర్యాదకు మృత్యువు కరుగుతాడు. భర్త ప్రాణం తప్ప ఏదైనా కోరుకోమంటాడు. ఆమె తనకు నిండు జీవితం కావాలంటుంది. సరేనంటాడు. భర్త లేకుండా నిండు జీవితం ఎక్కడిది? మాటిచ్చిన మృత్యువు వెనక్కి వెళ్లక తప్పదు.

ఈ చిన్న ఒపెరాను మొదటిసారి 1916 డిసెంబర్‌లో లండన్‌లో విద్యార్థులు ఆడారు. ప్రొఫెషనల్ ప్రదర్శనకు 1921 దాకా ఆగాల్సి వచ్చింది. చిన్న స్థలంలో, కొద్దిమందితో ఆడే ఛాంబర్ ఒపెరాకు ఇంగ్లండ్‌లో కొత్త దారి వేసిన రచనగా సంగీత చరిత్రకారులు ఇప్పుడు దీన్ని చెప్పుకుంటారు.

అయితే ఇండియా కథ సుఖాంతం కాలేదు. మేఘదూతం ఆధారంగా ఆర్కెస్ట్రా, బృందగానంతో 'ది క్లౌడ్ మెసెంజర్' రాశారు. దీని మీద ఆయన పెట్టుకున్న ఆశలు అన్నీఇన్నీ కావు. 1913 మార్చిలో క్వీన్స్ హాల్‌లో వినిపిస్తే అంతంతమాత్రం స్పందన. శ్రోతలు పెద్దగా పట్టించుకోలేదు. వయసేమో నలభైకి దగ్గరపడుతోంది. చెప్పుకోవడానికి ఒక్క పెద్ద హిట్ లేదు. స్నేహితులు ఆయన ముఖం చూసి కంగారుపడ్డారు.

సౌండ్‌ప్రూఫ్ గదిలో ఆదివారాలు

ఆ రోజుల్లో హోల్స్ట్‌ను నిలబెట్టింది ఉద్యోగమే. 1905లో హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ గర్ల్స్ స్కూల్లో సంగీత విభాగానికి డైరెక్టర్‌గా చేరారు. చనిపోయేవరకూ ఆ ఉద్యోగం వదల్లేదు. 1907 నుంచి మోర్లీ కాలేజీలో కూడా చెప్పారు. పగలంతా పనులు చేసుకుని సాయంత్రం వచ్చే మామూలు ఉద్యోగులు, కార్మికులు చదువుకునే చోటది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి వేరు. పాఠ్యపుస్తకాలు బట్టీ పట్టించడం ఇష్టం ఉండేది కాదు. పిల్లలకు నాసిరకం పాటలు నేర్పడం అసలే ఇష్టం ఉండేది కాదు. బాక్, పర్సెల్ లాంటి పెద్దవాళ్ల సంగీతమే పాడించేవారు. మోర్లీ విద్యార్థులైతే ఒక అద్భుతమే చేశారు. 17వ శతాబ్దంలో పర్సెల్ రాసిన 'ది ఫెయిరీ క్వీన్' సంగీతం చాలాకాలం కనపడకుండా పోయి, మళ్లీ దొరికింది. గాయకులకు, వాద్యకారులకు కావాల్సిన కాపీలన్నీ ఈ సాయంత్రం విద్యార్థులే నెలల తరబడి చేత్తో రాశారు. 1911లో హోల్స్ట్ దాన్ని కచేరీగా వినిపించారు. రెండు శతాబ్దాల తర్వాత లండన్ ఆ సంగీతం విన్నది ఓ నైట్ కాలేజీ దయ వల్ల.

1913లో సెయింట్ పాల్స్ స్కూల్లో కొత్త సంగీత భవనం తెరిచారు. అందులో ఆయన కోసం ఒక సౌండ్‌ప్రూఫ్ గది కట్టారు. బయటి శబ్దం లోపలికి రాదు. స్కూల్ లేని ఆదివారాల్లో, సెలవుల్లో అక్కడికొచ్చి తలుపు వేసుకునేవారు. స్కూల్ ఆర్కెస్ట్రా కోసం రాసిన 'సెయింట్ పాల్స్ సూట్' ఆ ఏడాదిదే. ఇప్పటికీ ప్రపంచవ్యాప్తంగా విద్యార్థుల ఆర్కెస్ట్రాలు దాన్ని వాయిస్తాయి. 'ప్లానెట్స్' పుట్టింది కూడా ఆ గదిలోనే.

జాతకాల పిచ్చి.. ఏడు గ్రహాలు

'క్లౌడ్ మెసెంజర్' దెబ్బ తర్వాత, 1913 వసంతంలో బాల్ఫర్ గార్డినర్ అనే సంగీతకర్త మిత్రుడు ఖర్చు పెట్టుకుని హోల్స్ట్‌ను స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపానికి తీసుకెళ్లారు. ఆ గుంపులో క్లిఫర్డ్ బాక్స్ అనే రచయిత ఉన్నారు. ఆయనకు జ్యోతిషం అంటే ఇష్టం. మాటల్లో మాటగా హోల్స్ట్‌కు ఆ రుచి అంటించారు. ఇక ఆగలేదు. హోల్స్ట్ పుస్తకాలు చదివి, స్నేహితుల జాతకాలు తానే వేసి చెప్పడం మొదలుపెట్టారు.

అందుకే 'ప్లానెట్స్'లో భూమి ఉండదు. ఇది ఖగోళశాస్త్రం కాదు. ఒక్కో గ్రహం మనిషి మీద చూపించే ప్రభావం, ఆ గ్రహ స్వభావం.. ఇదే విషయం. కుజుడు యుద్ధాన్ని తెచ్చేవాడు. శుక్రుడు శాంతిని తెచ్చేవాడు. బుధుడు రెక్కల దూత. గురుడు ఉల్లాసం. శని వృద్ధాప్యం. యురేనస్ మాంత్రికుడు. నెప్ట్యూన్ యోగి.

మొదటిది కుజుడు. ఐదు లెక్కల లయ. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు ఖండచాపు లెక్క గుర్తుచేసుకుంటే చాలు. పాశ్చాత్య సైనిక కవాతు రెండు, నాలుగు లెక్కల్లో నడుస్తుంది. మనిషికి రెండు కాళ్లు కాబట్టి. ఐదు లెక్కల్లో మనిషి కవాతు చేయలేడు. అందుకే అది సైనికుల నడకలా ఉండదు, యంత్రం నడిచినట్టు ఉంటుంది. వయొలిన్ వాళ్లు కమాను వెంట్రుకలతో కాకుండా దాని కర్రతో తీగలను కొడతారు. టకటకమని ఎముకలు కొట్టుకున్న శబ్దం. చాలామంది ఇది మొదటి ప్రపంచ యుద్ధాన్ని చూసి రాసిందనుకుంటారు. నిజానికి 1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేనాటికే ఆయన దాన్ని ఊహించి రాసేశారు.

1914లో మొదలుపెట్టి రెండేళ్లకు పైగా రాశారు. పగలు స్కూల్ ఉద్యోగం, మిగిలిన టైమ్‌లో రాత. పెద్ద ఆర్కెస్ట్రాకు రాయడమంటే ఒక్కో పేజీలో పదుల వరసల స్వరాలు. కుడి చేయి సహకరించలేదు. అప్పుడు స్కూల్లో తోటి టీచర్లు వాలీ లాస్కర్, నోరా డే ముందుకొచ్చారు. ముందు ఇద్దరు కలిసి పియానో మీద వాయించుకునేలా ఆయన చిత్తు ప్రతి తయారుచేసేవారు. ఏ స్వరం ఏ వాద్యానికి వెళ్లాలో గుర్తులు పెట్టి చెప్పేవారు. వాళ్లు స్కోర్ పేజీలు నింపేవారు. 'ప్లానెట్స్' పేజీల వెనుక ఈ ఇద్దరు ఆడవాళ్ల చేతులు కూడా ఉన్నాయి.

ఏడింటిలో ఆయనకు బాగా ఇష్టమైంది జనం ఊగిపోయే గురుడు కాదు. నెమ్మదిగా, బరువుగా అడుగులేసే శని.

జర్మన్ ఇంటిపేరు తెచ్చిన తంటా

యుద్ధం మొదలైంది. సైన్యంలో చేరతానంటే హోల్స్ట్‌ను తీసుకోలేదు. చూపు లేదు, చేయి బాగోలేదు. భార్య ఇసోబెల్ ఆంబులెన్స్ నడపడానికి వెళ్లారు. వాన్ విలియమ్స్ సైన్యంలో చేరారు. మిత్రుడు జార్జ్ బటర్‌వర్త్ 1916లో సోమ్ యుద్ధంలో చనిపోయారు. తాను మాత్రం ఇంటి దగ్గర ఉండిపోయానన్న బాధ హోల్స్ట్‌ను తొలిచేసింది.

దానికి తోడు ఇంటిపేరు. పుట్టింది చెల్టెన్‌హామ్‌లోనే అయినా 'వాన్' అనగానే జర్మన్ అనే అనుమానం. చివరికి 1918లో వైఎంసీఏ ఆయన్ను సైనికులకు సంగీతం నేర్పే పనికి తీసుకుంది. గ్రీస్‌లోని సలోనికా వెళ్లాలి. ఆ ఇంటిపేరుతో పంపడం కష్టమన్నారు. సెప్టెంబర్‌లో చట్టప్రకారం 'వాన్' తీసేశారు. అప్పటి నుంచి ఉట్టి హోల్స్ట్.

ఆయన బయల్దేరేముందు బాల్ఫర్ గార్డినర్ ఓ వీడ్కోలు కానుక ఇచ్చారు. క్వీన్స్ హాల్‌ను, ఆర్కెస్ట్రాను ఒక పూట అద్దెకు తీసుకున్నారు. అలా జరిగిందే 1918 సెప్టెంబర్ 29 నాటి కచేరీ. కండక్టర్ ఏడ్రియన్ బౌల్ట్‌కు అప్పటికి 29 ఏళ్లు. చివరి భాగం నెప్ట్యూన్‌లో కనిపించకుండా పాడాల్సిన గొంతులు హోల్స్ట్ విద్యార్థినులవే. గురుడి సంగీతం మోగుతుంటే వరండాలో నేల తుడుస్తున్న పనివాళ్లు చీపుళ్లు పక్కన పెట్టి చిందులేశారని కూతురు ఇమోజెన్ తర్వాత రాశారు.

పేరు వచ్చింది.. ప్రశాంతత పోయింది

1920 నవంబర్‌లో మొత్తం ఏడు భాగాలను జనం ముందు వాయించారు. అంతకుముందు మార్చిలో 'ది హిమ్ ఆఫ్ జీసస్' కూడా హిట్ కొట్టింది. 46 ఏళ్ల వయసులో ఒక్కసారిగా హోల్స్ట్ స్టార్ అయిపోయారు. ఎవరైనా అయితే పండగ చేసుకుంటారు. ఆయన మాత్రం ఇబ్బందిపడ్డారు.

రిపోర్టర్లు ప్రశ్నలడిగితే జవాబు చెప్పేవారు కాదు. ఆటోగ్రాఫ్ అడిగితే జేబులోంచి ఓ ముద్రించిన కార్డు తీసిచ్చేవారు. తాను ఆటోగ్రాఫులు ఇవ్వనని అందులో రాసి ఉండేది. బిరుదులు, గౌరవ పట్టాలు ఇస్తామంటే వద్దన్నారు. గెలుపు కన్నా ఓటమే కళాకారుడికి మేలు చేస్తుందని ఆయన నమ్మకం. ఎవరూ పట్టించుకోనప్పుడు నచ్చింది రాసుకోవచ్చు. ఒకటి హిట్ అయితే అలాంటిదే మళ్లీ కావాలంటారు. జనం అదే అడిగారు. ఆయన రాయలేదు.

1923 ఫిబ్రవరిలో రెడింగ్‌లో రిహార్సల్ చేయిస్తూ వేదిక మీద నుంచి వెనక్కి పడిపోయారు. తలకు దెబ్బ తగిలింది. దాన్ని తేలిగ్గా తీసుకుని అమెరికా టూర్ కూడా చేసొచ్చారు. ఏడాది తిరిగేసరికి తలనొప్పులు, నిద్రలేమి. డాక్టర్ల మాట మీద 1924లో పనులన్నీ ఆపేసి థాక్‌స్టెడ్ అనే పల్లెలో ఒంటరిగా ఉన్నారు. ఆ తర్వాత ఉద్యోగాలు చాలావరకు వదిలేశారు. సెయింట్ పాల్స్ మాత్రం వదల్లేదు.

1927లో పుట్టిన ఊరు చెల్టెన్‌హామ్ ఆయన పేరుతో సంగీతోత్సవం చేసింది. బిరుదులు వద్దన్న మనిషి ఆ రోజు మాత్రం మనసారా సంతోషపడ్డారు. అదే ఏడాది నవలా రచయిత థామస్ హార్డీని కలిశారు. హార్డీ వర్ణించిన బీడు భూమి స్ఫూర్తితో 'ఎగ్డన్ హీత్' రాసి ఆయనకే అంకితమిచ్చారు. 1928 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో దాన్ని మొదటిసారి వాయించేటప్పటికి హార్డీ లేరు. నెల ముందే కన్నుమూశారు. 13 నిమిషాల పైచిలుకు ఆ సంగీతంలో చప్పట్లు కొట్టించే చోటే ఉండదు. ఖాళీ నేల, గాలి, దూరం. జనానికి అది అర్థం కాలేదు. హోల్స్ట్ మాత్రం తాను రాసినవాటిలో అదే అన్నిటికన్నా మంచిదని చివరిదాకా అనుకున్నారు.

చివరి ఎంపిక

1932లో హార్వర్డ్ యూనివర్సిటీ పాఠాలు చెప్పమని పిలిచింది. వెళ్లారు. మార్చిలో అక్కడే కడుపులో రక్తస్రావమై ఆస్పత్రి పాలయ్యారు. ఇంగ్లండ్ తిరిగొచ్చినా పూర్తిగా కోలుకోలేదు. నర్సింగ్ హోముల్లో ఉంటూనే స్కూల్ పిల్లల ఆర్కెస్ట్రా కోసం 'బ్రూక్ గ్రీన్ సూట్' రాసిచ్చారు.

1934లో ఆయన ముందు రెండు దారులు పెట్టారు. చిన్న ఆపరేషన్ చేయించుకుంటే బతుకుతారు. కానీ జాగ్రత్తలతో, సగం జీవితమే. పెద్ద ఆపరేషన్ అయితే మామూలు మనిషి కావచ్చు. కానీ ప్రమాదం ఎక్కువ. హోల్స్ట్ రెండోదే ఎంచుకున్నారు. పాతికేళ్ల క్రితం తాను రాసిన ఒపెరాలో సావిత్రి మృత్యువును కోరింది కూడా నిండు జీవితమే. మే 23న ఆపరేషన్ జరిగింది. గుండె తట్టుకోలేదు. మే 25న కన్నుమూశారు. వయసు 59. చితాభస్మాన్ని చిచెస్టర్ కెథెడ్రల్‌లో ఉంచారు.

ఆయన తర్వాత

గురుడి భాగంలో మధ్యలో వచ్చే గంభీరమైన బాణీకి 1921లో హోల్స్టే ఓ దేశభక్తి గీతాన్ని జత చేశారు. ఆయనున్న పల్లె పేరు మీద ఆ బాణీని 'థాక్‌స్టెడ్' అంటారు. 1981లో ప్రిన్సెస్ డయానా పెళ్లిలో పాడింది ఆ గీతమే. 1997లో ఆమె అంత్యక్రియల్లోనూ అదే పాడారు.

1930లో ప్లూటోను కనిపెట్టారు. అప్పటికి హోల్స్ట్ బతికే ఉన్నారు. ఎనిమిదో భాగం మాత్రం రాయలేదు. 2000లో కోలిన్ మాథ్యూస్ అనే సంగీతకర్త 'ప్లూటో' రాసి చేర్చారు. ఆరేళ్లకు శాస్త్రవేత్తలు ప్లూటోను గ్రహాల జాబితాలోంచి తీసేశారు. హోల్స్ట్ ఏడు భాగాలే మళ్లీ సరిపోయాయి.

తండ్రి చూడని ఇండియాను కూతురు చూశారు. ఏకైక సంతానం ఇమోజెన్ హోల్స్ట్ కూడా సంగీతకారిణి. 1950 చివర్లో రవీంద్రనాథ్ ఠాగూర్ స్థాపించిన శాంతినికేతన్‌కు వచ్చి కొన్ని వారాలు ఉండి మన సంగీతం నేర్చుకున్నారు. తండ్రి జీవిత చరిత్ర రాశారు. మరుగున పడిన ఆయన రచనలను మళ్లీ వెలుగులోకి తెచ్చారు. 1984లో చనిపోయారు.

ఇప్పటికీ హోల్స్ట్ అంటే 'ప్లానెట్స్' ఒక్కటే అనుకునేవాళ్లే ఎక్కువ. ఆయన బతికున్నప్పుడు బాధపడింది కూడా ఆ సంగతికే. ఇప్పుడు ఆయన రచనలన్నీ ఫోన్లో దొరుకుతున్నాయి. కుజుడితో మొదలుపెట్టినవాళ్లు ఓ అరగంట మిగిలితే 'సావిత్రి' కూడా వినొచ్చు. మన కథే. చేయి నొప్పి పెడుతున్నా, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఎన్నడూ చూడని దేశపు కథకు ఓ స్కూల్ మాస్టారు కట్టిన సంగీతం.